ట్రిగ్గర్ల చోటు తేలకముందే

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు చూసి, హలో అని కూడా అనకుండా, "నువ్వెన్ని చెప్పినా నేను ఒప్పుకోనక్కా. ప్రోగ్రాములు వేరేగానే ఉండాలి" అన్నాను. అవతల మగగొంతు వినిపించింది.

"నేనమ్మా, బావను. మీ అక్క ఇగ లేదమ్మా."

నేను ఏమన్నానో చెబితే నవ్వుతారేమో. "అక్కకు ఒకసారి ఫోన్ ఇవ్వండి బావా" అన్నాను. ఆయన విసుక్కోలేదు. మళ్ళీ అదే మాట చెప్పాడు. పొద్దున్నే లేచిందట, పొయ్యి మీద చాయ్ పెట్టిందట, ఛాతీలో పట్టేసినట్టుందని గడప దగ్గర కూర్చుందట. ఆటో దవాఖానకు చేరేలోపే అయిపోయింది. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయిందని కూడా చెప్పాడు. అది ఎందుకు చెప్పాడో ఆయనకూ తెలిసి ఉండదు.

నేను అప్పుడు సూరత్ పక్కన జోల్వాలో, మా మిల్లు సర్వర్ గదిలో ఉన్నాను. ఎదురుగా కొత్త సర్వర్. దాని పక్కన సర్వర్ కంపెనీ పంపిన ఇంజనీరు, నా జవాబు కోసం కూర్చుని. అక్క వస్తుంది, ఇద్దరం తేల్చుకుని చెబుతాం అని అంతకుముందే ఆయనకు చెప్పి ఉన్నాను. వాదన సగంలో ఉండగా మనిషి ఇలా లేచి వెళ్ళిపోవచ్చునని నాకు తెలియదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ నమ్మకం కుదరలేదు. నిజం చెప్పాలంటే కోపం కూడా పోలేదు.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. బట్టకు రంగులద్దే మా మిల్లులో కంప్యూటర్ విభాగానికి పెద్ద. మిల్లులో అందరికీ, గుజరాతీ వరసలో, బెన్. నాకొక్కదానికే అక్క. వాళ్ళ నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గం నడపడానికి సూరత్ వచ్చాడు. ఈవిడ డిండోలిలో ఒంటిగది ఇంట్లో పుట్టింది. చదువంతా గుజరాతీలో, తిట్లన్నీ హిందీలో, మురిపెమంతా తెలుగులో. తెలుగు అక్షరాలు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. అదే గుజరాతీ పేపరైతే చాయ్ చల్లారేలోపు ముగించేది.

నేనేమో అనకాపల్లి దగ్గరి దాన్ని. మా ఆయనకు హజీరాలో ఉద్యోగం రావడంతో ఈ ఊరు వచ్చాను. ఇంట్లో కూర్చోలేక మిల్లులో చేరిన మొదటిరోజు, ఎదురుగా ఎవరో పెద్దావిడ తెలుగులో మాట్లాడుతుంటే ప్రాణం లేచివచ్చి, "నమస్కారమండీ" అన్నాను.

"ఏ ఊరు పిల్లా?"

"అనకాపల్లి అండీ."

"బెల్లమూరు దానివి గదా, మరి మొఖం అంత చేదుగ పెట్టుకున్నవేంది? నాకీ అండీ గిండీ వద్దు. అక్కా అను, చాలు. పా, చెప్పులిక్కడిడువు."

చెప్పులు విడిచేది గుడికి కాదు, సర్వర్ గదికి. దుమ్ము సంగతి పైకి చెప్పే కారణం. అసలు కారణం ఏమిటంటే, చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడు గబగబా రాడట, ఆ గదిలోకి గబగబా వచ్చేవాడి వల్లే ఏదో ఒకటి పాడవుతుందట. మిల్లు యజమాని సేఠ్ వచ్చినా అంతే. ఆయన ఖరీదైన బూట్లు లేసులు విప్పుకునే ఓపిక లేక గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్ళేవాడు. ఆవిడకు కావలసింది కూడా అదేనని నాకు చాలా కాలానికి అర్థమైంది.

సర్వర్‌తో గుజరాతీలో మాట్లాడేది. "ఛాల్, ఛాల్ బేటా" అని దాని వీపు తట్టేది. తెలుగులో మాట్లాడరాదా అక్కా అంటే, "అది పుట్టి బుద్ధెరిగి మన దిక్కు వచ్చిందా ఎన్నడన్న? దానికెట్ల వస్తది?" అనేది. చాయ్ వస్తే సగం సాసర్లో వంచి నా వైపు జరిపేది, కప్పు తనకు ఉంచుకునేది. నాకూ కప్పు కావాలని ఎన్నిసార్లు పోట్లాడానో. "సాసర్ల చాయ్ జల్ది సల్లార్తది. నీకు ఓపిక లేదు గదా, నీకదే మంచిది" అనేది. నేను తొందరపడి ఏదైనా టైపు చేస్తుంటే వెనకనుంచి భుజం మీద చెయ్యి పడేది. "మిషను ఉరుకనియ్యి. నువ్వు నడువు."

చదివేవాళ్ళకు ఇక్కడ ట్రిగ్గర్ అంటే ఏమిటో చెప్పాలి. లేకపోతే మేమిద్దరం ఇన్నేళ్ళు దేనికోసం కొట్టుకున్నామో అర్థం కాదు.

మిల్లు సంగతులన్నీ సర్వర్లో పట్టికలుగా ఉంటాయి. ఏ పార్టీ, అంటే ఏ వ్యాపారి, బట్ట పంపాడు, ఏ లాట్, అంటే ఏ విడత బట్ట, ఏ మిషనెక్కింది, ఏది తయారైంది, అన్నీ వరుసలు వరుసలుగా. ట్రిగ్గర్ అంటే అలాంటి పట్టికకు కాపలా కట్టిన చిన్న ప్రోగ్రాము. దాన్ని ఎవరూ పిలవక్కర్లేదు. పట్టికలో కొత్త వరుస చేరబోతుంటే తనంతట తనే లేస్తుంది. సరిగా ఉంటే రానిస్తుంది, లేకపోతే ఆపేస్తుంది, లేదా ఇంకెవరికో కబురు చేస్తుంది. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆ ప్రోగ్రామును ఎక్కడ పెట్టాలి? సర్వర్లో సామాను లైబ్రరీలనే గదుల్లో ఉంటుంది. పట్టికలకు ఒక గది, ప్రోగ్రాములకు ఒక గది. ట్రిగ్గర్ చూస్తే ప్రోగ్రాము, కానీ బతికేది పట్టిక మీద. మరి దాని చోటు ఏ గది?

"పట్టిక కాడనే" అనేది అక్క. "తలుపుకు గొళ్ళెం తలుపుకే ఉండాలె గద పిల్లా. పక్కింట్ల పెట్టుకుంటవా?"

"గొళ్ళెం చెడితే బాగుచేసేది వడ్రంగి కదక్కా. అన్నీ ఆయన దగ్గర ఒక్కచోట ఉంటే ఆయనకు సులువు."

"దొంగకు గూడ సులువే. అన్ని ఒక్క తాన్నే దొరుకుతయి."

నా వాదన పిచ్చిది కాదు. ఇప్పటికీ అంటాను. ప్రోగ్రాములు తరచు మారుతుంటాయి. పట్టికల గదిలోకి రోజూ పదిమంది వచ్చి పోతుంటారు. అంతమంది తిరిగే చోట ప్రోగ్రాములు వదిలేయడం నాకు నచ్చదు. అన్నీ ఒక గదిలో ఉండి, తాళంచెవి ఒక్కరి దగ్గర ఉంటే ఏది ఎప్పుడు ఎవరు మార్చారో తెలుస్తుంది. ఈ మాటలన్నీ అక్క శ్రద్ధగా వినేది. విని, "మంచిగనే చెప్తున్నవ్, కాని నాకు మనసున పడ్తలేదు" అనేది. వాదనలో ఆ మాటకు జవాబేం ఉంటుంది చెప్పండి!

ఆవిడకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. దీపావళికి సూరత్ మూతపడి లాభపంచమి నాడు తెరుచుకుంటుంది. ఆ రోజు ప్రతి వ్యాపారీ మంచి ఘడియలో మొదటి లెక్క రాస్తాడు. మా మిల్లులో సేఠ్ కంప్యూటర్‌కు కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, స్వయంగా ఒక శకునం లాట్ ఎక్కిస్తాడు. పార్టీ పేరు దగ్గర అమ్మవారి పేరు. ఆ లాట్‌కు బట్ట ఉండదు. అయినా ఏడాది మొదట్లోనే పని అసంపూర్తిగా ఉండకూడదు కాబట్టి దాన్ని చివరిదాకా నడిపించి 'తయారు' అని కూడా ఆయనే నొక్కుతాడు. బట్టలేని ఆ లాట్ అసలు లెక్కల్లో చేరి ఏడాది పొడుగునా మమ్మల్ని సతాయిస్తుండేది. అందుకని ఒక ఏడాది అక్క ఉపాయం చేసింది. పట్టికలన్నిటికీ ఒక నకలు తీసి, సేఠ్‌ను ఆ నకలు ముందు కూర్చోబెట్టింది. శకునానికి శకునం, లెక్కకు లెక్క.

సేఠ్ సంతోషంగా నొక్కాడు. తర్వాత తలా ఒక లాట్ ఎక్కించి ఆయన తమ్ముళ్ళు నొక్కారు, కొడుకులు నొక్కారు, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దానిచేతా నొక్కించారు. అందరూ పేడాలు తిని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం కాకముందే మిల్లు గేటు ముందు టెంపోలు! ఒకదాని వెనక ఒకటి, పూలదండలు వేసుకుని, నిమ్మకాయలు కట్టుకుని. పార్టీలందరికీ ఫోన్లలో కబురు వెళ్ళింది. మీ లాట్ తయారైంది, టెంపో పంపండి అని.

జరిగిందేమిటంటే, కబురు పంపే ట్రిగ్గర్ ప్రోగ్రాముల గదిలో ఉంది. పట్టికకు నకలు తీశాం గానీ, ఆ నకలు కూడా పాత గదిలోని అసలు ప్రోగ్రామునే లేపింది. నకలులో అమ్మవారి పేరు రాసిన లాట్ అంకెలకు అసలు పట్టికలో నిజమైన వ్యాపారులున్నారు. అది నిద్రలేచి వాళ్ళకు నిజంగానే కబురు పెట్టింది. కొత్త సంవత్సరం తొలి కబురు కదా అని వాళ్ళు మురిసిపోయి టెంపోలకు పూజ చేసి మరీ పంపారు. ముహూర్తం నాడు టెంపోను ఖాళీగా వెనక్కి పంపితే ఆ వ్యాపారి మళ్ళీ మన మొహం చూడడు. సేఠ్ తలపట్టుకున్నాడు. చివరికి గోదాములోంచి తెల్లబట్ట తాకాలు, అంటే చుట్టలు, తీయించి, ఒక్కో చుట్టకూ కుంకుమ అద్దించి, ఒక్కో టెంపోలో ఒక్కోటి పెట్టించి, చేతులు జోడించి సాగనంపాడు.

అక్క సర్వర్ గదిలో నేలమీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని నేను వణుకుతుంటే, "జర చూడు పిల్లా, ఆ తెల్లచుట్టను పెండ్లిపిల్ల లెక్క తీస్కపోతున్నడు" అని కిటికీలోంచి చూపించింది. మర్నాడు మాత్రం నవ్వలేదు. ఆ ట్రిగ్గర్‌ను తెచ్చి పట్టిక పక్కన పెట్టింది. "నకలు తీస్తే గొళ్ళెం గూడ నకలైపోవాలె. నకలు తలుపుకు అసలు గొళ్ళెం పడొద్దు." మిగతావి కదపలేదు. పాత సర్వర్, ఎక్కడ చెయ్యి పెడితే ఎక్కడ ఊడుతుందో తెలియదు. వాటిలో మూతల ట్రిగ్గర్ కూడా ఉంది.

దాని సంగతి చెప్పకపోతే అక్క గురించి ఏమీ చెప్పనట్టే.

బట్టకు రంగు పట్టించే మిషన్లను మేం జెట్లంటాం. మూత బిగించిన పెద్ద పాత్రలు. లోపల బట్ట, మరిగే రంగునీళ్ళు, బయటికి తన్నుకొచ్చే ఆవిరి. లోపలి ఒత్తిడి తగ్గకముందు మూత తెరుచుకుంటే ఎదురుగా ఉన్న మనిషి పనైపోయినట్టే. నేను చేరకముందు చుట్టుపక్కల ఏదో యూనిట్లో అలాగే జరిగింది. కాలినతను అక్క వాళ్ళ గల్లీ మనిషి. ప్రాణం దక్కింది గానీ చేతులు దక్కలేదు. అక్క దవాఖానకు వెళ్ళి అతనికి చెంచాతో అన్నం తినిపించి వచ్చింది. వచ్చి, ఎవరూ అడగకుండానే, ఆ ట్రిగ్గర్ రాసింది.

అది చేసే పని చిన్నది. షిఫ్టు మొదట్లో ప్రతి జెట్ మూతనూ, దాని తాళాన్నీ, ఒత్తిడి ముల్లునూ ఒక మనిషి చూసి, చూశానని తన పేరుతో ఎక్కించాలి. అది లేకపోతే ఆ జెట్ మీదికి ఏ లాట్‌నూ ఎక్కించనివ్వదు. లాట్ ఎక్కకపోతే రంగుల స్టోరు నుంచి రంగు రాదు. రంగు లేని జెట్‌తో ఎవరికేం పని? నేను చేరేనాటికి కూడా డైయింగ్ మాస్టర్లు తిడుతూనే ఉన్నారు, ప్రొడక్షన్ మేనేజరు తిడుతూనే ఉన్నాడు. దీనివల్ల ఆలస్యమన్నారు. "నిమిషం ఆలస్యమైతే ఏమైతది సాబ్? బట్టనే గదా" అని వాళ్ళకు హిందీలో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో, "మనిషైతే మళ్ళ నేసుకోలేం" అంది. నేనిన్నేళ్ళూ అక్క మాటల్ని ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఈ ఒక్కటి మాత్రం రాయకుండానే మిగిలింది.

మొన్న కొత్త సర్వర్ వచ్చింది. పాతదాన్ని తాకడానికి భయపడ్డవన్నీ సరిచేసుకునే అవకాశం. శనివారం సాయంత్రం ఇద్దరం మళ్ళీ మొదలుపెట్టాం. అన్ని ట్రిగ్గర్లూ పట్టికల గదిలోకే అని ఆవిడ. అన్నీ కొత్తగా ఒకే గదిలోకి, తాళం వేసి, అని నేను. ముహూర్తం టెంపోల సంగతి ఆవిడ తీసింది. నకలు తీసేటప్పుడు జాగ్రత్తగా ఉంటే చాలదా అని నేను. "నువ్వు జాగర్తగుంటవ్. నేనుంట. మనమిద్దరం లేనినాడు?" అంది. ఏదో ఉద్యోగాలు మారే మాట అనుకుని, "అప్పటి సంగతి అప్పుడు చూసుకుంటారులే అక్కా" అన్నాను. సంచీ భుజాన వేసుకుని, "సరే, రేపొస్త. కూసోని తేల్చుకుందాం. నువ్వు ఒప్పుకోకుంటే నేను ఇంటికి పోను" అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆదివారం ఆ ఫోన్ తర్వాత నేను లేచి నిలబడితే, ఇంజనీరు హిందీలో, "మేడమ్, పట్టికలు వచ్చేశాయి, ఆ ట్రిగ్గర్ల ప్రోగ్రాములు ఎక్కడ పెట్టను?" అని అడిగాడు. తర్వాత చెబుతానన్నాననుకుంటాను. ఆటో ఎక్కడ ఎక్కానో గుర్తులేదు. ఉధనా దాటాక, నా కాళ్ళకు చెప్పులు లేవని చూసుకున్నాను.

డిండోలిలో ఆ గల్లీ నిండా జనం. అక్కను నేలమీద పడుకోబెట్టారు. ఆ వేళకు ఎప్పుడూ పనిలో ఉండే మనిషి అలా కదలకుండా ఉంటే చూడలేకపోయాను. ఆడవాళ్ళు తెలుగులో ఏడుస్తున్నారు, గుజరాతీలో ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. లే అక్కా, మాట తేలలేదు, అని భుజం పట్టి కుదపాలనిపించింది. కుదిపానేమో కూడా. ఎవరో నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చారు.

అన్నీ అయ్యాక, మనుషులు పలచబడ్డాక, బావ నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. మగ్గాల చప్పుడులో పనిచేసి చెవులు దెబ్బతిన్న మనిషి, కాస్త గట్టిగా మాట్లాడతాడు.

"నిన్న బువ్వ తినుకుంట నీ ముచ్చటే చెప్పిందమ్మా. ఆ పిల్ల చెప్పేదాంట్ల గూడ న్యాయమున్నది, పొద్దున పోయి చెప్త అన్నది."

"ఏం చెబుతానంది బావా?"

"నాకేం సమజైతది తల్లీ? నేను ఆఁ అన్న. గంతే."

అక్క ఒప్పుకోవడానికి వస్తోందా? నా మాటకు సరే అనడానికా, లేక నా మాటలో సగం పట్టుకుని ఇంకో మెలిక వేయడానికా? ఆవిడ ఒప్పుకుంటుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆవిడ కోరింది చేసి ఋణం తీర్చుకుందామన్నా, ఆవిడ కోరిందేమిటో ఇప్పుడు నాకు తెలియదు. బావను మళ్ళీ మళ్ళీ అడిగాను. పాపం, ఆయన గుర్తుతెచ్చుకోవడానికి కళ్ళు మూసుకుని ప్రయత్నించాడు. ఆయన్ను అలా వేధించినందుకు తర్వాత నా మీద నాకే చిరాకేసింది.

సోమవారం మిల్లువాళ్ళు నన్ను ఇంట్లో ఉండమన్నారు. పొద్దున్నే ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేశాడు. కొత్త సర్వర్‌లో ఒక్క లాట్ కూడా జెట్ ఎక్కడం లేదు. మిల్లుకు వెళ్ళేసరికి తడిబట్ట బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి, ఆపరేటర్లు చేతులు కట్టుకుని ఉన్నారు, రంగుల స్టోరు ముందు కేకలు. తెర చూశాను. పట్టిక తన ట్రిగ్గర్‌ను పిలుస్తోంది, అది దొరకడం లేదు. దొరకకపోతే ఏ వరుసనూ రానివ్వదు. ఎక్కడ పెట్టాలో తేలని ప్రోగ్రాములు ఎక్కడా లేవు. పట్టికలు కొత్త ఇంటికి వచ్చేశాయి, కాపలా పాత ఇంట్లోనే ఉండిపోయింది.

"ట్రిగ్గర్ నికాల్ దో మేడమ్" అన్నాడు మేనేజరు. "బాద్ మే డాల్ దేనా."

తీసేస్తే నిమిషంలో జెట్లు కదులుతాయి. తర్వాత పెట్టుకోవచ్చు. ఆయన చెడ్డవాడు కాదు. బెన్ పోయిందని పొద్దున నా ముందు కళ్ళు తుడుచుకున్నవాడే. కానీ, తర్వాత అనేది మా మిల్లులో ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. ఈవేళ తీసేస్తే, ఆలస్యం లేకుండా పనవుతోందని అందరికీ రుచి తగులుతుంది. రేపు పెడతానంటే ఎవరూ పెట్టనివ్వరు. పెట్టాలని పోట్లాడే మనిషి నిన్ననే చితిలో కాలిపోయింది. మూతలు చూసేవాళ్ళుండరు. ఆ జెట్ల ముందు నిలబడిన ఆపరేటర్ల చేతుల వైపు చూశాను. రంగులు పట్టిన చేతులు, గోళ్ళలో నీలం.

"నహీ నికాలూంగీ" అన్నాను. తీయను, కాసేపు ఆగమని హిందీలోనే చెప్పాను.

"కిత్నీ దేర్?" ఎంతసేపని ఆయన.

"బట్టనే గదా" అన్నాను తెలుగులో. ఆయనకు అర్థం కాలేదు.

చెప్పులు విడిచి సర్వర్ గదిలోకి వెళ్ళాను. పాత సర్వర్ ఇంకా ఆన్‌లోనే ఉంది, దానిలోంచి మూతల ట్రిగ్గర్‌ను తీసుకున్నాను. ఇప్పుడు ఎక్కడ పెట్టను? నేను కోరిన వేరే గదినీ కొత్త సర్వర్‌లో కట్టుకోవచ్చు. అడ్డుచెప్పేవాళ్ళు ఎవరూ లేరు. కుర్చీలో కూర్చుని, గొంతు పెంచే మనిషి కోసం కాస్త ఎదురుచూసినట్టున్నాను.

వేరే గదిలో పెడితే, ఈవేళ జరిగిందే రేపు ఎవరికో మళ్ళీ జరుగుతుంది. సర్వర్ చెడి, తొందరలో ఎవరో పట్టికలు మాత్రం తెచ్చుకుంటారు. కాపలా వెనకే ఉండిపోతుంది. పని ఆగుతుంది. తీసెయ్యమని పైనుంచి ఎవరో అంటారు. అప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో, కాలిన చేతుల సంగతి వాళ్ళకు తెలిసి ఉంటుందో లేదో. మనమిద్దరం లేనినాడు, అంది అక్క. ఒకరం లేని మొదటిరోజే ఇంత పనయింది. అక్క ఏం చెప్పడానికి బయలుదేరిందో నాకు తెలియదు. నాకు సరే అని చెప్పడానికే వస్తూ ఉండొచ్చు. వచ్చి ఉంటే నేనే ఒప్పుకునేదాన్ని కాదేమో. ట్రిగ్గర్లన్నీ తెచ్చి పట్టికల పక్కనే పెట్టాను. పట్టికలకు కొత్త చోటు చెప్పాను. ఇకమీదట అవి ఎక్కడికి వెళ్ళినా కలిసే వెళతాయి. నేను కోరిన తాళం మాత్రం వదల్లేదు, ట్రిగ్గర్లను మార్చే హక్కు ఒక్కరికే ఇచ్చాను. మొత్తానికి ఓడిపోయాను. ఓడించినందుకు చాయ్ సాసర్ జరిపి ఏడిపించాల్సిన మనిషి లేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. చాలాసేపు ఏడ్చాను.

మొహం కడుక్కుని జెట్ల దగ్గరకు వెళ్ళాను. "ఎక్కించు" అని ఒక ఆపరేటర్‌కు సైగ చేశాను. అతను లాట్ అంకె కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. ఏదో తప్పు చేశానని నేనూ అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే తప్పు కాదు. ఆ షిఫ్టులో మూతలు ఇంకా ఎవరూ చూడలేదు. ట్రిగ్గర్ తన పని తాను చేస్తోంది.

తెర అడుగున ఒక వాక్యం ఉంది. నేను దాన్ని అంతవరకూ చూడలేదు. ప్రోగ్రాములో దానికి ఒక అంకె మాత్రమే ఉంటుంది, మాట ఇక్కడ, ఈ మనుషులకే కనిపిస్తుంది. ఆపరేటర్ పెదవులు కదుపుతూ పైకి చదివాడు.

"పహలే ఢక్కన్ దేఖో భాయ్. ఘర్ జానా హై నా."

ముందు మూత చూడు తమ్ముడూ, ఇంటికి వెళ్ళాలి కదా. సర్వర్లు ఇలా మాట్లాడవు. ఎక్కడా ఎవరూ ఇలా రాయరు. ఆపరేటర్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "బెన్ కహ్ రహీ హై" అని పక్కవాడితో అన్నాడు. బెన్ ఎప్పుడో చెప్పింది అన్నట్టు లేదు, ఇప్పుడే చెబుతోంది అన్నట్టు ఉంది. తన జెట్ దగ్గరకు నడిచాడు. అతన్ని చూసి పక్కవాడు కదిలాడు, ఆ పక్కవాడు కదిలాడు. తెర వాళ్ళనింకా ఏమీ అడగలేదు. పొడుగాటి ఆ షెడ్డులో, ఆవిరి మధ్య, ఒక్కొక్కరూ తమ తమ మూతల మీదికి వంగి, తాళం మీద చెయ్యి వేసి, ఒత్తిడి ముల్లు వైపు చూస్తున్నారు.